ఓనరు లేని ఇల్లు

గృహప్రవేశం నాడు మా అత్తయ్య మదనపల్లె నుంచి తెచ్చిన తిరుమల తిరుపతి దేవస్థానం వారి క్యాలెండరు ఆ ఏడాదంతా మా ఫ్రిజ్ మీద చుట్ట చుట్టినది చుట్టినట్టే ఉండిపోయింది. ఏకాదశి ఎప్పుడో, అమావాస్య ఎప్పుడో చూడవలసి వచ్చినప్పుడల్లా ఆవిడ దానిని దించి, భోజనాల బల్ల మీద పరిచి, మూలలు లేవకుండా ఒక వైపు ఉప్పు జాడీని, మరొక వైపు తన కళ్ళజోడు పెట్టెను ఉంచి చూసుకుని, మళ్ళీ చుట్టి పైన పెట్టేసేవారు. ఇంత ఇల్లు కట్టుకుని ఒక క్యాలెండరు తగిలించుకోలేకపోయారా అని చుట్టాలు నవ్వారు. క్యాలెండరు తగిలించాలంటే మేకు కొట్టాలి. ఆ మేకు ఏ గోడకు కొట్టాలో, అసలు కొట్టవచ్చునో లేదో తేల్చుకోవడానికి మా ఇంట్లో నలుగురికీ కలిపి పదకొండు నెలలు పట్టింది.

మేము బెంగళూరుకు 2008లో వచ్చాము. అప్పటి నుంచి 2025 ఫిబ్రవరి దాకా, అంటే 17 ఏళ్ళపాటు, రామమూర్తి నగర్‌లో ఒకే ఇంటి పై అంతస్తులో అద్దెకు ఉన్నాము. ఈ ఊళ్ళో అద్దె ఒప్పందాలు సాధారణంగా 11 నెలలకే రాసుకుంటారు; ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించవలసి ఉంటుంది కనుక ఆ ఒక్క నెల తగ్గించుకోవడం అందరికీ అలవాటయింది. అలా తిరగరాసుకుంటూ వచ్చిన స్టాంపు కాగితాలు మా దగ్గర ఒక కట్ట ఉన్నాయి. ప్రతి దానిలోనూ పది నెలల అడ్వాన్సు మాట, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు కోసం ఒక నెల అద్దె మినహాయించుకునే మాట, ఆ కిందనే గోడలకు మేకులు కొట్టరాదనే మాట ఉండేవి. ఓనరు గారు డెబ్బై దాటిన కన్నడ పెద్దాయన. కోలారు వైపు మనిషి కావడం వల్ల తెలుగు మనలాగే మాట్లాడతారు. చేరిన మొదటి వారంలోనే, దేవుడి పటానికి ఒక్క మేకు కొట్టుకోవచ్చా అని నేను అడిగితే, "పటాన్ని బల్ల మీదైనా పెట్టుకోవచ్చు తల్లీ, గోడకు పడిన చిల్లు మాత్రం ఎంత పూడ్చినా కనబడుతూనే ఉంటుంది" అన్నారు. వద్దనే మాటను అంత మెత్తగా చెప్పగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆయన వల్ల మాకు జరిగిన మేలు ఏమిటో ఆ ఇల్లు వదిలిన తర్వాత గాని తెలిసిరాలేదు. ఆ ఇంట్లో వంటగట్టు రెండున్నర అడుగుల ఎత్తే ఉండేది. వంగి వంగి నాకు నడుము నొప్పి వచ్చేది, ఓనరును తిట్టుకునేదాన్ని. వర్షం పడితే బాల్కనీ తూము పూడుకుపోయేది, ఓనరును తిట్టుకునేవాళ్ళం. మా వారికి ఆఫీసులో చిరాకు కలిగినా, మా అబ్బాయికి లెక్కల్లో మార్కులు తగ్గినా, సాయంత్రానికి ఆ కోపమంతా గాలి రాని ఆ హాలు మీదికో, దానిని అలా కట్టించిన పెద్దాయన మీదికో మళ్ళేది. ఇంట్లో ఏది వంకరగా ఉన్నా మా తప్పు కాదు. 17 ఏళ్ళు ఆ నిశ్చింతకు కూడా కలిపే అద్దె కట్టామని ఇప్పుడు అనిపిస్తుంది.

కొత్త ఇల్లు హొరమావులో, 30 అడుగులకు 40 అడుగుల సైటులో, తూర్పు ముఖంగా కట్టుకున్నాము. కింద మేము ఉండాలి, పైభాగం అద్దెకు ఇవ్వాలి. బ్యాంకు అప్పు ఆ అద్దె మీద ఆశతోనే తీసుకున్నది. ప్లాను గీసినది పేరుకు ఇంజనీరే గానీ, ఆరు నెలలపాటు గళ్ళ కాగితాల మీద పెన్సిలుతో గీసి, చెరిపి, మళ్ళీ గీసినది నేనూ మా వారూ. ఈశాన్యంలో సంపు, ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పైన ట్యాంకు ఉండాలనేవి మాత్రం అత్తయ్య పెట్టిన షరతులు. తక్కిన ప్రతి అంగుళానికీ మేమే బాధ్యులం, ప్రతి కాగితం మీదా మా సంతకాలే ఉన్నాయి. మాఘమాసంలో పాలు పొంగించి, వచ్చినవారికి వడ్డించి, వారిని సాగనంపి, ఆ రాత్రి పడుకోబోతూ లైటు ఆర్పడానికి చెయ్యి చాచినప్పుడు మొదటి తప్పు బయటపడింది.

పడకగది తలుపు ఎడమ వైపుకు తెరుచుకునేలా ప్లానులో ఉండేది. అలా అయితే బీరువా పట్టదని చివరి నిమిషంలో దానిని కుడి వైపుకు మార్పించాము. తలుపును మార్చాము గానీ, అప్పటికే గోడలో పైపులు వేసి పూడ్చేసిన స్విచ్‌బోర్డును మార్చలేదు. దానితో లోపలికి వచ్చినవారు లైటు వేయాలంటే ముందు తలుపు మూసి, దాని వెనకనున్న గోడను చీకట్లో తడుముకోవాలి. ఎలక్ట్రీషియను ఆనాడే అడిగాడట. "పరవాలేదు, అలవాటైపోతుంది" అన్నది నేనేనట. ఇప్పటికి ఏడాది దాటింది. నిద్ర మత్తులో లేచినప్పుడు నా చెయ్యి ఇంకా రామమూర్తి నగర్ ఇంటి స్విచ్చు ఉండే చోటికే పోతుంది.

వంటగట్టు సంగతి ఇంతకన్నా అన్యాయం. పాత ఇంటి నడుము నొప్పిని మనసులో పెట్టుకుని, నా ఎత్తుకు సరిగ్గా సరిపోయేలా కొలిపించి, మూడడుగుల ఎత్తున గ్రానైటు గట్టు పోయించుకున్నాను. నా నడుము నొప్పి పోయింది. కానీ అత్తయ్య నాకన్నా అరడుగు పొట్టి అన్న సంగతి ఆ కొలతలు తీయించుకుంటున్నప్పుడు నాకు తట్టనే లేదు. ఆవిడ మొదటి రోజు పొద్దున దోసెలు పోయడానికి వచ్చి, పెనం మీదికి చెయ్యి సరిగా ఆడక, ఏమీ అనకుండా వెళ్ళి పూజగదిలోని పీట తెచ్చుకుని దాని మీద నిలబడ్డారు. ఆవిడ నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది. ఇప్పుడు ఆ పీట వంటింట్లోనే ఉంటోంది, పూజకు ఇంకొకటి కొన్నాము.

శబ్దాల గురించి ఎవరూ ముందుగా చెప్పరు. పరదాలు లేని కిటికీలు, బోసి గోడలు, నున్నటి టైల్స్, వీటి మధ్య మాట ఎక్కడా ఇంకదు. మా వారు ముందు హాల్లో ఫోను మాట్లాడితే వెనక గదిలో కోనేటి మండపంలో మాట్లాడినట్టు వినబడేది. పరుపులు, పుస్తకాలు, రెండు పాత తివాచీలు చేరిన తర్వాత అది చాలా వరకు తగ్గింది.

నీళ్ళతో కుదురుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. హొరమావు 2007లో బెంగళూరు మహానగర పాలికెలో కలిసిన 110 గ్రామాలలో ఒకటి. ఆ గ్రామాల కోసమే చేపట్టిన కావేరి అయిదో దశ పథకం 2024 అక్టోబరులో ప్రారంభమయింది, రోజుకు 77.5 కోట్ల లీటర్లు దాని సామర్థ్యం. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు మోటార్లతో తోడుకొస్తే గాని ఆ నీరు ఈ ఊరికి చేరదు. మా వీధికి కనెక్షను వచ్చేదాకా బోరు నీరు, అది చాలనప్పుడు ట్యాంకరు నీరు వాడుకున్నాము. మెరుస్తూ ఉండే కొత్త కుళాయిలకు మూడు వారాలకే తెల్లటి పెచ్చు కట్టింది. నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది, మళ్ళీ మూడు వారాలకు వస్తుంది.

కొత్త సంపులో మొదటిసారి నింపిన నీటిని వాడకూడదని మేస్త్రి గట్టిగా చెప్పాడు. సిమెంటులోని సున్నం నీటిలోకి దిగుతుంది కనుక, నింపి రెండు రోజులు నిలవబెట్టి పారబోయడం, అలా మూడు సార్లు చేయడం మంచిదని అతని లెక్క. డబ్బు పోసి కొన్న ట్యాంకరు నీటిని పారబోయమంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. చివరకు మూడు సార్లూ ఆ నీటితో అప్పుడే కట్టిన ప్రహరీ గోడను తడిపించాను. మొక్కలకు పోద్దామంటే మేస్త్రే వద్దన్నాడు, సున్నపు నీటికి అవి మాడిపోతాయట.

ఈ ఊళ్ళో 1200 చదరపు అడుగులు, అంతకు మించిన సైట్లలో కట్టే కొత్త ఇళ్ళకు వాననీటిని పట్టే ఏర్పాటు 2009 నుంచి తప్పనిసరి. మాది లెక్కకు సరిగ్గా 1200. మొదట్లో ఇది కాగితం కోసం చేసే పని అనుకున్నాను. మిద్దె మీద సుమారు 900 చదరపు అడుగుల మేర నీళ్ళు జారే చోటు ఉంది. దాని మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 840 లీటర్ల నీరు దిగుతుందని మా అబ్బాయి లెక్క కట్టి చూపించాడు. మొదటి జల్లుతో దుమ్ము, పావురాల రెట్ట కొట్టుకొస్తాయి కనుక ఆ నీటిని బయటికి వదిలేసి, ఆ తర్వాత వచ్చే దానినే వడపోత పీపాలోకి తిప్పాలి. ఆ తిప్పే పని ఎవరిదన్న దాని మీద మా ఇంట్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు. వాన మొదలు కాగానే నలుగురమూ ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటాము.

పెద్ద వాన 2025 మే 18 రాత్రి వచ్చింది. తెల్లవారేసరికి ఊళ్ళో 100 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. మాకు కాస్త దూరంలోనే ఉన్న సాయి లేఅవుట్ వీధుల్లో నీళ్ళు నిలిచి, జనాన్ని పడవల్లో, ట్రాక్టర్లలో దాటించారు. మేము పునాదిని వీధి మట్టానికి మూడడుగులు ఎత్తి కట్టాము కనుక నీరు గేటు దగ్గరే ఆగిపోయింది. ఆ తెల్లవారుజామున గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి మా వారు, "మూడడుగులు చాలన్నది నేనే కదా" అన్నారు. మా ఇల్లు కట్టడంలో ఎవరైనా గర్వంగా ఒప్పుకున్న నిర్ణయం అదొక్కటే.

వర్షాకాలం ముదిరిన కొద్దీ ఇల్లు తన సంగతులు ఒకటొకటిగా చెప్పడం మొదలుపెట్టింది. జూలైలో పడమటి గోడకు లోపలి వైపు, నేల నుంచి జానెడు ఎత్తు దాకా, పిండి చల్లినట్టు తెల్లటి పొడి పొంగింది. వేలితో తాకితే చప్పగా, కొంచెం ఉప్పగా ఉంది. అవును, నాలుకకు రాసుకుని చూశాను. పెయింటరు వచ్చి, గీకేసి మళ్ళీ పుట్టీ పెట్టి రంగు వేస్తానన్నాడు. మేస్త్రి అడ్డుపడ్డాడు. కాంక్రీటు దిమ్మెల్లోనూ, ఇసుకలోనూ, గోడలకు పట్టిన బోరు నీటిలోనూ ఉండే లవణాలు లోపలి తడితోపాటు బయటికి వచ్చి, తడి ఆరిపోగానే గోడ మీద మిగిలిపోతాయట. తడి లోపల ఉండగా రంగు మూత వేస్తే అది బుడగలు బుడగలుగా లేస్తుంది. పొడిబట్టతోనో కుంచెతోనో దులపడం, నీళ్ళతో కడగకుండా ఉండడం, ఇంకొక ఎండాకాలం ఆగడం, ఇవే అతను చెప్పిన మందులు. సిమెంటుకు 28 రోజుల్లో బలం వస్తుందని విని, ఆ నెలతో దాని పని అయిపోయిందనుకున్నాను. బలం వచ్చినంత త్వరగా తడి పోదట.

అదే నెలలో పెరటి తలుపు బిగుసుకుపోయింది. ముందు వాకిలికి టేకు పెట్టి, ఖర్చు కలిసి వస్తుందని వెనక తలుపుకు నాటు కర్ర వాడాము. వేసిన తలుపు తెరవాలంటే మా అబ్బాయి భుజం ఆనించి తోయాలి. వడ్రంగిని పిలిపించి చిత్రిక పట్టమన్నాను. అతను తలుపు అంచున అరచేత్తో పైనుంచి కింది దాకా నిమిరాడు, గొళ్ళెం వేసి తీశాడు, తలుపును ఒకసారి కొంచెం పైకెత్తి చూశాడు, ఆ తర్వాత చిత్రికను సంచిలోంచి తీయకుండానే కింద కూర్చున్నాడు. "కర్ర నీళ్ళు తాగి ఉబ్బిందమ్మా. ఇప్పుడు గీశానంటే సంక్రాంతికి అది దిగిపోయి, ఆ సందులోంచి బల్లులు వస్తాయి. అప్పుడు నన్ను మళ్ళీ పిలిచి తిడతారు" అన్నాడు. మా పూజగదిలోంచి కొవ్వొత్తి ముక్క ఒకటి అడిగి తీసుకుని, తలుపు అంచుకు గట్టిగా రుద్ది, వంద రూపాయలు కూడా వద్దని వెళ్ళిపోయాడు. అద్దె ఇంట్లో అయితే ఆ తలుపు గురించి ఓనరుకు రోజుకొకసారి ఫోను చేసి, ఆ వారంలోనే గీయించి ఉండేదాన్ని. జనవరి మొదటి వారానికి అది చిటికెన వేలితో తోసినా తెరుచుకునేటట్టు అయింది.

గోడల్లో వెంట్రుక మందాన పగుళ్ళు కూడా వచ్చాయి. ఎక్కువగా పిల్లరూ దిమ్మెల గోడా కలిసే చోట, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా. నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. ఇంజనీరు నవ్వి, ప్రతి పగులు చివరా పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాయమన్నాడు. గీత దాటి పెరిగితే చెప్పండి, లేకపోతే మరిచిపోండి అన్నాడు. అలా మా హాలు కిటికీ పక్కన ఆగస్టు నుంచి డిసెంబరు వరకు నాలుగు తేదీలు ఉన్నాయి. ఒక్క పగులూ గీత దాటలేదు. ఇంటికి వచ్చినవారు ఆ తేదీలు ఏమిటని అడిగితే మా వారు గ్యాసు సిలిండరు మార్చిన రోజులని చెబుతుంటారు.

మా పాత ఓనరు గారు గృహప్రవేశానికి రాలేకపోయారు. దీపావళి వెళ్ళిన తర్వాత ఒక ఆదివారం, భార్యతో, పళ్ళెంలో బట్టలూ పళ్ళూ పెట్టుకుని వచ్చారు. కాఫీ తాగి, ఇల్లు చూస్తానని లేచారు. అందరూ హాలూ పూజగదీ చూసి మెచ్చుకుంటారు. ఆయన నేరుగా స్నానాల గదిలోకి వెళ్ళి, చెంబు నిండా నీళ్ళు పట్టి నేల మీద పోసి, పంచె ఎగగట్టుకుని చూస్తూ నిలబడ్డారు. నీళ్ళన్నీ తూము వైపు పోయి, కుడి మూలలో మాత్రం అరచెయ్యంత మడుగు మిగిలింది. "అక్కడ వాటం తప్పిందమ్మా" అన్నారు. మేస్త్రి పని అలా ఏడ్చిందండీ అనబోయాను. అంతలోనే గుర్తుకు వచ్చింది: స్నానాల గదికి చిన్న టైల్స్ వేద్దాం, పెద్దవైతే నీళ్ళవాటం సరిగా కుదరదు అని మేస్త్రి రెండు సార్లు చెప్పాడు. చూడడానికి బాగుంటాయని రెండడుగుల టైల్స్ పట్టుబట్టి వేయించినది నేను.

ఆ మాటే ఆయనతో చెప్పేశాను. పెద్దాయన చాలాసేపు నవ్వారు. "మీరు ఏది బాగు చేయించమన్నా నేను రేపు మనిషిని పంపిస్తానని అనేవాణ్ణి కదా. ఆ రేపట్లోనే సగం పనులు వాటంతట అవే సర్దుకునేవి. సర్దుకోనివాటికే మనిషిని పంపేవాణ్ణి" అన్నారు. ఆయనది బద్ధకమని 17 ఏళ్ళు అనుకున్న మాటను నేను పూర్తిగా వెనక్కి తీసుకోలేదు గానీ, పెరటి తలుపు సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

2026 క్యాలెండరు వచ్చిన రోజున మా వారు సుత్తి తీశారు. మా గోడలు ఇటుకవి కావు, సాలిడ్ కాంక్రీటు దిమ్మెలవి. మొదటి మేకు మూడు దెబ్బలకు వంగిపోయింది, దానితోపాటు రూపాయి బిళ్ళంత పెచ్చు ఊడి కింద పడింది. ఆ తర్వాత అందరమూ కూర్చుని, ప్లాస్టరింగుకు ముందు ఫోనులో తీసి పెట్టుకున్న గోడల ఫోటోలు వెతికి, కరెంటు పైపులు ఎక్కడెక్కడ దిగుతున్నాయో చూసుకుని, డ్రిల్లింగు మిషనుతో రంధ్రం చేయించి, ప్లాస్టిక్ గొట్టం దించి, స్క్రూ బిగించాము. ఇల్లు కట్టుకునేవారికి నేను చెప్పగలిగిన పనికివచ్చే మాట ఏదైనా ఉందంటే ఆ ఫోటోల గురించే. పూత పడ్డాక గోడ లోపల ఏముందో చెప్పేవారు ఎవరూ ఉండరు. ఊడిన పెచ్చు క్యాలెండరు వెనక దాగింది. నెల తిప్పినప్పుడల్లా కనబడుతుంది.

సంక్రాంతి వెళ్ళాక పై భాగంలోకి నెల్లూరు నుంచి వచ్చిన కొత్త దంపతులు దిగారు. ఇద్దరూ సాఫ్ట్‌వేరు ఉద్యోగులే. మొదటి వారంలోనే ఆ అమ్మాయి గీజరు నీళ్ళు ఆలస్యంగా వస్తున్నాయని ఒకసారి, పడకగదిలో స్విచ్చు తలుపు వెనక ఉందేమిటని ఒకసారి కిందికి వచ్చి చెప్పింది. రెండు అంతస్తులకూ ఒకే ప్లాను కదా. రేపు మనిషిని పంపిస్తానని చెప్పాను. ఆదివారం పొద్దున్నే ఏదో అడగాలని పైకి పిలిస్తే వెళ్ళాను. పుట్టింటివారు పంపిన క్యాలెండరు చేతిలో పట్టుకుని, "ఆంటీ, ఇక్కడ ఒక్క మేకు కొట్టుకోమంటారా?" అని అడిగింది.

తెల్లటి గోడ. ఒక్క మరక లేదు.

"గోడకు పడిన చిల్లు ఎంత పూడ్చినా కనబడుతూనే ఉంటుందమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ఒక్క క్షణం నా వైపు చూసి, "సరే ఆంటీ" అని, క్యాలెండరును చుట్ట చుట్టి ఫ్రిజ్ మీద పెట్టేసింది.